అరవయ్యో పూస

పూస 1

నాలుగు పాకల వాళ్ళూ పాత యంత్రం కాగితాల్లోని మొదటి వంద అడుగులూ పూర్తి చేశారు. నాలుగు దారాలకీ ఒక్కో కుంకుడుగింజ గుచ్చి, వేలితో తడిమి, నమ్మకం చాలక మళ్ళీ తడిమి, తర్వాతి వందకి గంట కొట్టాను. ఇవే ఆఖరి అరవై పూసలని, అవి పడితే మంచినీళ్ళు ఎక్కడున్నాయో తేలుతుందని వరాలు పంతులమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నా కాళ్ళు నేలమీద నిలవడం లేదు. ఇది సంతోషమో భయమో తెలియదు. రెండూ అయ్యుండాలి.

ఇది రాయమన్నదీ పంతులమ్మే. "పూసలప్పా, నీ కంగారంతా కాగితం మీద పెట్టు. మా ప్రాణాలు తెరిపిన పడతాయి" అంది. యాభై దాటాక నేర్చిన అక్షరాలు నావి, ఒక్కొక్కటి వంకాయంత ఉంటుంది. ఇలా రాస్తే కాగితం అయిపోతుందేమోనని అదొక దిగులు.

పూస 4

నాలుగో పాక వాళ్ళు ఎప్పటిలాగే ముందు ముగించేసి గుమ్మంలో కూర్చుని ఈలలు వేస్తున్నారు. వలలు లాగిన చేతులు వాళ్ళవి, చింతపిక్కలు ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి చినుకుల్లా రాలతాయి. మొదటి పాకలో అంతా నా ఈడు వాళ్ళు. ఒక్కో పిక్కనీ పెళ్ళికూతుర్ని దించినట్టు దించుతారు.

"పూసలప్పా, మేం తరవాతి వంద సేసేసుకుంటాం. ఆళ్ళొచ్చి మెల్లగా కలుస్తారు. ఊరికే కూకుంటే నడుం పట్టేస్తంది" అన్నాడు ఎర్రయ్య, నాలుగో పాక పెద్ద.

"కూకోరా. యంత్రానికి నాలుగు సేతులు. ఒక సెయ్యి రేపట్లోనూ ఒక సెయ్యి నిన్నట్లోనూ ఉంటే కూడు నోట్లోకెలా ఎల్తాది?" అన్నాను. ఈ మాట మూడేళ్ళుగా రోజుకి ఏడుసార్లు చెబుతున్నాను.

మొదటి పాకలోంచి పైడమ్మ వదిన గొంతు లేచింది. "ఒరే ఎర్రిగా, బేగీ బేగీ అని పది అడుగులు ఎగ్గొట్టినావు సూడు, అప్పుడు నీళ్ళెక్కడ తేలినాయో గుర్తులేదేటి?"

ఎందుకుండదు? రెండో ఏడు లెక్క ముగిసి వచ్చిన నేలబొమ్మలో మంచినీళ్ళు సముద్రం నడిమధ్య ఉన్నాయని తేలింది. ఆరు నెలలు ఎర్రయ్యని అందరూ 'సముద్రంలో నుయ్యి' అని పిలిచారు. అప్పటినుంచి ఒక్క అడుగు దాటవేయడం లేదు. కాగితంలో ఉన్నట్టు చేస్తేనే అది ఆ యంత్రం. లేకపోతే నాలుగు పాకల జనం పిక్కలాడుకుంటున్నట్టే.

పూస 11

ఇవాళ ఎర్రయ్య మళ్ళీ మా ఊరి దిబ్బ తూర్పు వాలున కూర్చుని శంఖం నోటికి ఆనించుకున్నాడు. ఊదలేదు. బుగ్గలు పూరించి, కళ్ళు మూసుకుని, మళ్ళీ దించేశాడు. రోజూ ఇదే సాధన. చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది.

యంత్రం చచ్చిపోయి చాలాకాలమైంది. అది భూమిలో మంచినీళ్ళు ఎక్కడున్నాయో చెప్పే యంత్రమట. అది ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేసేదో రాసిన కాగితాల కట్ట మాత్రం మిగిలింది. ఆ అడుగులు ఇప్పుడు మేమే వేస్తున్నాం. దానికి మతి తప్పితే పసిగట్టడానికి లోపలే ఒక కాపలాకుక్క ఉండేదట. ఆ కుక్క వంతు ఎర్రయ్యకి వచ్చింది. అరవయ్యో పూస పడేలోగా మొదటి పాక వాళ్ళు నడిమి పలకమీద ఒక సున్నపు చుక్క పెట్టాలి. తన అరవయ్యో పూస పడగానే కుక్క వచ్చి చూస్తుంది. చుక్క ఉంటే చెరిపేసి వెళ్ళిపోతుంది. లేకపోతే యంత్రానికి మతి తప్పిందని లెక్క. శంఖం ఊదాలి. శంఖం వినపడితే నాలుగు పాకలూ గిన్నెలు బోర్లించి, మొదటి కాగితం మొదటి అడుగు నుంచి మొదలుపెట్టాలి.

మొదటి ఏడు అప్పటి కుక్క ఒకసారి ఊదింది. నాలుగు నెలల పని ఒక్క ఊపిరితో పోయింది. ఆ తర్వాతే నన్ను పెట్టారు, నలుగురినీ ఒకే కాలంలో ఉంచమని. ఎండని నమ్మకూడదు, కోడికూతనీ నమ్మకూడదు. యంత్రం కాలం పూసల్లోనే ఉంటుంది. నాలుగు దారాలూ సమానమైతేనే గంట.

పూస 17

వానతొట్టిలో పుల్ల ముంచి చూశాను. జానెడు. ఇంకోసారి ముంచాను. రెండోసారీ జానెడే, కానీ నా జాన ఎండిపోయి చిన్నదైందేమోనని అనుమానం వచ్చి పైడమ్మ వదిన జానతో కూడా కొలిపించాను.

"నా జానతో కొలిస్తే నీళ్ళు పెరుగుతాయేటి వదినా?" అంది.

పున్నమికి ఆరు పడవలు వస్తాయి. ఆలోగా బొమ్మ వస్తే తవ్వుకుని ఇక్కడే ఉంటాం. రాకపోతే అందరం పడవలెక్కాలి. అవతలి ఒడ్డున మమ్మల్ని ఒక్కచోట ఉంచరు. ఎవరు ఏ ఊరో చీటీ అప్పుడే గోడకి అంటించారు. పైడమ్మ వదినకి ఉత్తరాన ఒక ఊరు, నాకు దక్షిణాన ఒకటి. నలభై ఏళ్ళుగా ఆ ఆడపడుచుతో రోజూ పోట్లాడుతున్నాను. అక్కడ నేను ఎవరితో పోట్లాడాలి? ఆ ఊళ్ళో వాళ్ళకి నా పోట్లాట అర్థమవుతుందా?

పూస 24

సరుకు పడవవాడు వచ్చి నా చూరు కింద నిలబడ్డాడు. చూరుకి వేలాడే నాలుగు దారాలనీ చూసి "అబ్బ! ఒక్క గింజ తేడా లేదు కదమ్మా! ఏం లెక్క! ఏం చెయ్యి!" అన్నాడు. నోరారా అన్నాడు, నవ్వుతూ అన్నాడు. మూడేళ్ళ పనికి అంత కన్ను తగిలితే నిలుస్తుందా?

సాయంత్రం డబ్బా తీశాను. మా ఆయన పోయాక తీసి దాచిన నల్లపూసల్లో పెద్ద గాజుపూసలు మూడు మిగిలాయి. దిష్టికి ఒక్కో దారానికి ఒక్కొక్కటి గుచ్చాను. గుండ్రంగా, నున్నగా, కుంకుడుగింజల్లో కలిసిపోయి ముద్దుగా ఉన్నాయి. నాలుగో దారానికి లేకపోయింది. బొగ్గుముక్క కట్టనా అని ఎర్రయ్యని అడిగాను.

"మాకు దిష్టేటి అప్పా? మా మొకాలు సూస్తే దిష్టే పారిపోద్ది" అన్నాడు.

పాకంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక దిగులేసింది. దిష్టికి నవ్వంటే ఇష్టమేమో.

పూస 26 (నాలుగో పాకకి 25)

వింత జరిగింది. నాలుగు దారాలూ తడిమితే మూడింటికి ఇరవై ఆరు, నాలుగో దానికి ఇరవై అయిదు. లెక్క నేను తలలో పెట్టుకోను. తలలో పెడితే దిగుళ్ళతో కలిసిపోతుంది. దారం ఎంత చెబితే అంతే. రెండుసార్లు తడిమి, పాక గుమ్మంలోకి వెళ్ళి చెప్పాను.

"ఎర్రయ్యా, మీరు ఒక పూస ఎనకున్నారు."

ఈలలు ఆగిపోయాయి. "మేమా?"

"మీరే."

"ముసిలోళ్ళ కంటేనా?"

పైడమ్మ వదిన ఇంత ఆనందంగా ఉండటం ఆమె పెళ్ళిలో కూడా చూడలేదు. పాక గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "కూకోండి బాబూ, కూకోండి. మేం కాసుకుంటాం. నడుం పట్టేస్తంది గానీ కాసుకుంటాం."

ఎర్రయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో వంద అడుగులు అంతకుముందెన్నడూ లేనంత వేగంగా చేసి పడేశారు. దారాలు సమానమయ్యాయి. గంట కొట్టాను.

కానీ ఎప్పుడూ ముందుండే పిల్లలు వెనకపడ్డారంటే దాహానికి నీరసించారేమోనని బెంగ పట్టుకుంది. నా వంతు చెంబులో సగం వాళ్ళకి పంపాను. చెంబు ఖాళీగా తిరిగి వచ్చింది. "పూసలప్పకి మతి పోనాది, ఆరోగ్యంగా ఉన్నోళ్ళకి నీళ్ళంపుతంది" అన్నారట.

పూస 41

పని పరుగెడుతోంది. ఎర్రయ్య పాక పౌరుషం మీద ఉంది, మొదటి పాక గర్వం మీద ఉంది. రెండో పాక వాళ్ళు పిక్కల చప్పుడుకి తాళం వేసి పాడుతున్నారు. ముగించాక ఒకర్నొకరు కాచుకోవడం కూడా ఆటలాగే ఉంది. నా గంట కోసం నాలుగు గుమ్మాల్లో నాలుగు గుంపులు ఒంటికాలిమీద నిలబడతాయి. నేను తడిమేది రెండుసార్లే అంటే ఒప్పుకోరు. "మూడోసారి తడుము అప్పా, లేకపోతే నీకు నిద్ర పట్టదు, మాకు పట్టనివ్వవు" అంటారు. తడుముతాను. వాళ్ళు లెక్క పెడుతూ చప్పట్లు కొడతారు.

ఇంత సంతోషం మంచిది కాదు. కానీ బాగుంది.

పూస 53

దిబ్బమీద చేటలన్నీ తుడిచి పెట్టారు. పన్నెండు వరసలు, వరసకి ఇరవై. ఒకవైపు సున్నం, ఒకవైపు తారు. మా దిబ్బకీ చుట్టూ ఉన్న నేలకీ సముద్రానికీ అదే పటం. లెక్క ముగిశాక మూడో పాక ఒక్కో చేటకి 'తెలుపు' అనో 'నలుపు' అనో అరుస్తుంది. తెల్లగా తిరిగిన చోట తవ్వాలి.

గాలికి ఒక చేట తిరగబడి తెల్లగా నిలబడింది. నేను కేక పెట్టాను. జనమంతా పారలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. నల్లగా తిప్పేసి వెనక్కి పంపేసరికి నా నోరు ఎండిపోయింది, వాళ్ళకి నవ్వి నవ్వి పొట్టలు నొప్పెట్టాయి. ఎర్రయ్య వెళ్తూ వెళ్తూ "నా పేరు ఇక నీకే అప్పా. గాల్లో నుయ్యి" అన్నాడు.

పూస 60

అంతా వరసగా రాయాలి.

ఇవాళే పున్నమి. ఆరు పడవలూ పొద్దున్నే వచ్చి లంగరు వేశాయి. మిట్టమధ్యాహ్నం నాలుగు దారాలకీ అరవయ్యో పూస పడింది. ఎర్రయ్య శంఖం చంకలో పెట్టుకుని, తలపాగా సర్దుకుని, పలక దగ్గరికి వచ్చాడు. వంగి చూశాడు. తలపాగా తీసేసి మళ్ళీ చూశాడు.

పలక మీద చుక్క లేదు.

అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ముసిలోళ్ళు ఎక్కడో పిక్క తప్పారు!" అని నాలుగో పాక.

"తప్పలేదురా!" పైడమ్మ వదిన కాగితం ఎత్తి చూపించింది. "సుక్క పెట్టమన్న అడుగు ఇంకా రానేలేదు. అది ఈ కాయితం కింద సివర్నుంది. రాని అడుగు నానెలా ఎయ్యను?"

పంతులమ్మ కాగితం లాక్కుని చూసింది. "చుక్క అరవయ్యో వందలోనే ఉంది. మీకు అరవై అయితే అది ఎప్పుడో వచ్చుండాలి. పూసలప్పా, దారాలు పట్రా. అందరి ముందూ లెక్క పెట్టు."

వెదురు చూరులోంచి తీసి ఎండలోకి తెచ్చి పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళ వాదన తెగలేదు. ఎర్రయ్య మధ్యలో నిలబడి శంఖం వైపు చూస్తున్నాడు. రెండేళ్ళుగా దాన్ని ఊదాలని ఊగిపోయినవాడు ఇప్పుడు పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"రూలు రూలే" అన్నాడు. "పది అడుగులు ఎగ్గొట్టినప్పుడు నీళ్ళు సముద్రంలో తేలినాయి. ఇప్పుడు కుక్కే ఎగ్గొడితే ఎక్కడ తేల్తాయో? నాను ఊదాల."

పైడమ్మ వదిన నా వైపు చూసింది. ఉత్తరం, దక్షిణం రెండూ ఆ చూపులో ఉన్నాయి.

నేను తడమడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఇరవై నాలుగు. ఇరవై అయిదు దగ్గర నా వేలు చురుక్కుమంది. చెయ్యి లాగేసుకున్నాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ చురుక్కు. రెండో దారం, ఇరవై అయిదు, చురుక్కు. మూడో దారమూ అంతే. నాలుగో దారం మొదటినుంచి చివరిదాకా చల్లగా ఉంది.

కుంకుడుగింజ ఎండకి ఇలా కాలదు. గాజు కాలుతుంది.

"ఊదకురా!" నా గొంతులోంచి అంత అరుపు వస్తుందని నాకే తెలియదు. పడవల్లో వాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. ఎర్రయ్య పెదాల దాకా వచ్చిన శంఖం ఆగిపోయింది. "నువ్వు కుక్కవే గానీ ముందొచ్చిన కుక్కవి! నాలుగో పాకే ఒక పూస ముందుంది. ఈ మూడు దారాల్లో ఒక్కోటి దిష్టిపూస. నానే గుచ్చినాను, నానే మర్చిపోయి నానే లెక్కెట్టినాను. నాలుగో పాకకి అరవై. మిగతా మూడింటికీ యాభై తొమ్మిదే!"

దిష్టి పెట్టిన సరుకు పడవవాడు తలదించుకుని నెమ్మదిగా జనం వెనక్కి వెళ్ళిపోయాడు.

పైడమ్మ వదిన వచ్చి దారం పట్టుకుని చూసింది. "ఇవి మా అన్నయ్య కట్టిన పూసలు గదే?" అంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వు మొదలుపెట్టి, నా భుజం మీద పడిపోయి నవ్వింది. "బతికున్నప్పుడూ అంతే మా అన్నయ్య. ఎక్కడికెళ్ళినా మనల్ని లేటు సేసేవోడు."

"అయితే వెనకబడింది మేం కాదన్నమాట!" నాలుగో పాకలోంచి కేక. ఈలలు. అంత ప్రమాదంలోనూ వాళ్ళకి ముందు అదే ముఖ్యమైంది.

పూస 59, రెండోసారి

పంతులమ్మ రెండు చేతులూ ఎత్తి అందరినీ ఆపింది. "శంఖం ఊదలేదు. కాబట్టి కుక్క చూసిన సంగతి మిగతా పాకలకి ఇంకా చేరలేదు. చేరనిదాన్ని వెనక్కి తీసుకోవచ్చు. చేరాక తీసుకోలేం. నాలుగో పాక వంద అడుగులు వెనక్కి నడవాలి."

"నాను సూసేసినాను గదా పంతులమ్మా. ఇప్పుడు సూడనట్టు ఎలాగ?" అన్నాడు ఎర్రయ్య.

"మర్చిపో."

"మా ఆడది సెప్పింది గంటకి మర్చిపోతాను, ఇదో లెక్కా" అని శంఖం నా కొంగులో పడేశాడు.

ప్రతి అడుగూ పలకల మీద రాసుకుంటారు కాబట్టి సరిపోయింది. కింది వరస నుంచి పైకి చదవడం మొదలుపెట్టారు. ఎడమ గిన్నెలోంచి కుడి గిన్నెలోకి వేసిన పిక్కల్ని కుడి నుంచి ఎడమకి వేశారు. పిక్కలు వెనక్కి తిరిగితే చాలు, మనుషులు తిరగక్కర్లేదు. కానీ ఎవరు మొదలుపెట్టారో, పాకంతా వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఒకడి వీపు ఒకడికి తగిలింది. ఎర్రయ్య పలక దగ్గర నుంచి తన పీట దాకా వెనక్కే నడిచి, పీట మీద కూర్చోబోయి గిన్నెలో కూర్చున్నాడు. రెండో పాక వాళ్ళు పాటని చివరి చరణం నుంచి పాడారు. ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటూ నేలమీద చతికిలబడ్డారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఒక్కో అడుగూ వేళ్ళమీద లెక్కపెట్టాను, తొంభై తొమ్మిది దగ్గర ఆపేస్తారేమోనని.

ఆపలేదు. వంద. నాలుగో దారం నుంచి ఒక కుంకుడుగింజ తీశాను. మిగతా మూడు దారాల నుంచి మూడు నల్లపూసలు తీశాను. తడిమాను. ఆ తర్వాత పైడమ్మ వదిన తడిమింది. పంతులమ్మ తడిమింది. నమ్మకం లేనట్టు పడవవాడు కూడా దగ్గరికి రాబోతే "నువ్వు మాట్లాడకు!" అని నాలుగు పాకలూ ఒకేసారి అరిచాయి.

నాలుగూ యాభై తొమ్మిది. గంట కొట్టాను.

పూస 60, రెండోసారి

పైడమ్మ వదిన చేతులు అంత మెల్లగా నడవడం ఎప్పుడూ చూడలేదు. ఎవరూ తొందర పెట్టలేదు. ఎనభై ఏడో అడుగున లేచి, సున్నంలో వేలు ముంచి, పలక మీద చుక్క పెట్టింది. బొట్టు పెట్టినట్టు పెట్టింది.

నాలుగు దారాలకీ అరవయ్యో పూస. ఎర్రయ్య వచ్చాడు. చూశాడు. మొదటిసారి చూసినట్టు నోరు తెరిచి ఆశ్చర్యం కూడా నటించాడు. చుక్క చెరిపేశాడు.

మూడో పాక అరవడం మొదలుపెట్టింది. నలుపు, నలుపు, నలుపు. చేటలు తప్ తప్ మని తిరిగాయి. ఎనిమిది వరసలు అయ్యాయి, అంతా నలుపే. తొమ్మిదో వరస. నలుపు, నలుపు. తెలుపు. తెలుపు. తెలుపు!

మూడు చేటలు పక్కపక్కన. దిబ్బ తూర్పు వాలు. ఎర్రయ్య రోజూ కూర్చుని బుగ్గలు పూరించే చోటు.

"రెండేళ్ళు!" అన్నాడు ఎర్రయ్య నెత్తి పట్టుకుని. "రెండేళ్ళు దాని మీదే కూకున్నాను!"

పూస లేదు

ఇద్దరు మనుషుల లోతున ఇసక తడిగా తగిలింది. ఇంకో మూర తవ్వితే ఊట. ఎర్రయ్య గోతిలోంచి దోసిలితో తాగి పైకి చూసి "తీపి!" అన్నాడు. పైకి ఎక్కివచ్చి, నా కొంగులోంచి శంఖం లాక్కుని, రెండేళ్ళు దాచుకున్న ఊపిరంతా పెట్టి ఊదాడు.

ఊదీ ఊదగానే నాలుగు పాకల్లోనూ గడగడమని చప్పుడు. మూడేళ్ళ అలవాటు. అందరూ పరుగున వెళ్ళి గిన్నెలు బోర్లించేశారు. చింతపిక్కలు నేలంతా దొర్లాయి. నేను "అయ్యో!" అని తల బాదుకుని, ఇక ఆ లెక్కతో పనేముందని గుర్తొచ్చి, ఆ తల మీదే చెయ్యి పెట్టుకుని నవ్వాను. ఆరు పడవలూ ఖాళీగా తిరిగి వెళ్ళాయి. గోడమీది చీటీ చింపి పైడమ్మ వదిన పొయ్యిలో పెట్టింది.

సాయంత్రం పంతులమ్మ పక్కన కూర్చుంది. "యంత్రం బతికున్న రోజుల్లో ఇదంతా ఎంతసేపట్లో చేసేదో తెలుసా అప్పా?"

"నెలా?"

"ముప్పాతిక సెకను."

నేను లెక్క వేసుకున్నాను. మూడేళ్ళు నిద్రపోకుండా పడ్డ కంగారు, తొట్టిలో ముంచిన పుల్లలు, తడిమిన దారాలు, అన్నీ కలిపి ఆ యంత్రం కాలంలో ఒక్కసారి కన్ను ఆర్పినంత. అంటే నేను ఏమంత కంగారు మనిషిని కాదన్నమాట. ఈ సంగతి పైడమ్మ వదినకి చెబితే నమ్మలేదు.

మూడు నల్లపూసలూ దారానికి గుచ్చి ఆమె మెడలో కట్టాను. అన్నయ్యవి కదా, ఉంచుకోమన్నాను. "దిష్టికేనా?" అంది. "దిష్టికే" అన్నాను. ఇద్దరం కొత్త నీళ్ళు చెరో చెంబు తాగాం.

తియ్యగా ఉన్నాయి. మరీ ఇంత తియ్యగా ఉండొచ్చా, రేపు పంతులమ్మని అడగాలి.